ఐపీ పెట్టిన కంపెనీకి ప్రభుత్వం డబ్బు ఎందుకిస్తుంది?

పాలకొల్లు నుంచి మీరు అడిగినది ఇదీ: ఒక కొత్త విద్యుత్ కార్ల కంపెనీకి 51 వేల రూపాయలు ముందుగా కట్టి కారు బుక్ చేసుకున్నారు. ఆ కంపెనీ దివాలా తీయబోతోందని ఇప్పుడు వింటున్నారు. 2009లో అమెరికా ప్రభుత్వం జనరల్ మోటార్స్ అనే కార్ల కంపెనీని నిలబెట్టినట్టు మన ప్రభుత్వం దీన్ని నిలబెడుతుందా అన్నది మీ సందేహం. మీ నాన్నగారు మాత్రం "ఐపీ పెట్టినవాడి చేతిలో మళ్ళీ డబ్బు పోయడమేమిటి? మన చెరువులో రొయ్యలు చచ్చిపోయిన ఏడాది మనకెవరిచ్చారు?" అన్నారట.

నేను ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. తణుకు, భీమవరం, అమలాపురం, మండపేట... ఉద్యోగమంతా దాదాపు ఈ కాలవల మధ్యనే గడిచింది. అప్పులు ఇచ్చిన రోజుల కన్నా ఇచ్చినవి రాబట్టుకున్న రోజులే ఎక్కువ. ఆ అనుభవంతో చెబుతున్నాను, మీ ప్రశ్న కన్నా మీ నాన్నగారి ప్రశ్నే గట్టిది. ముందు దాని సంగతి చూసి, మీ 51 వేల దగ్గరికి తరువాత వస్తాను.

ఐపీ అనే మాట మన జిల్లాల్లో తిట్టుతో సమానం. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అన్న కోర్టు మాటకు అది పొట్టి రూపం. 1920 నాటి చట్టం కింద అప్పులపాలైనవాడు కోర్టులో పిటిషను వేస్తాడు, తనకు అప్పిచ్చిన వారందరినీ ప్రతివాదులుగా చూపిస్తాడు. కూతురి పెళ్ళికని దాచుకున్నది వడ్డీకి ఇచ్చిన టీచరమ్మకు ఒకరోజు రిజిస్టరు పోస్టులో కోర్టు నోటీసు వస్తుంది. డబ్బు పోగొట్టుకున్నదీ ఆవిడే, కోర్టు మెట్లు ఎక్కవలసిందీ ఆవిడే. నోటీసులు ఊళ్ళోకి చేరే సమయానికి ఆ పెద్దమనిషి ఇంటికి తాళం వేసి ఉంటుంది. మీ నాన్నగారి కళ్ళ ముందున్న దివాలా ఇది. ఆయన కోపంలో నాకు తప్పేమీ కనిపించదు. అయితే జనరల్ మోటార్స్‌కు జరిగింది ఇది కాదు. అదేమిటో చెప్పడానికి నాకు ఒక రైస్ మిల్లు కావాలి.

1990ల మధ్యలో నా శాఖలో ఆ మిల్లు ఖాతా ఉండేది. ఎవరిదో, ఏ ఊరిదో వద్దు. మిల్లుకు ఏ లోపమూ లేదు. బాయిలరు, డ్రయ్యర్లు అన్నీ బంగారంలా పనిచేసేవి. లోపమంతా యజమానిది. మిల్లు మీద తీసిన డబ్బు స్థలాల్లో పెట్టాడు. స్థలాలు అమ్ముడుపోలేదు. రెండు సీజన్లు తిరిగేసరికి సరుకు పూచీ మీద వాడుకునే అప్పు, అదే క్యాష్ క్రెడిట్, పరిమితి నిండిపోయింది. గోదాము తనిఖీకి వెళితే కాగితం మీదున్న బస్తాల్లో సగం కనిపించలేదు. దాళ్వా ధాన్యం రోడ్ల మీద ఆరుతున్న రోజుల్లో వచ్చి, ఇంకొక్క ఇరవై లక్షలు ఇస్తే రైతులకు కట్టి మిల్లు తిప్పుతానన్నాడు. ఇవ్వలేదు. రూలు ప్రకారం ఇవ్వకూడదు కూడా. మిల్లు ఆగిపోయింది.

తాకట్టు ఆస్తిని కోర్టుకు వెళ్ళకుండానే బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం అప్పటికి రాలేదు. కోర్టు ద్వారా వేలానికి వచ్చేసరికి ఆరేళ్ళు పట్టింది. ఈలోగా మోటార్లు మాయమయ్యాయి, గోడల మీద రావిమొక్కలు మొలిచాయి. తిరుగుతున్నప్పుడు కోటి రూపాయలకు అడిగిన మిల్లును పాత ఇనుము లెక్కన అడిగారు. బాకీలో సగం కూడా రాలేదు. ధాన్యం అరువు పోసిన రైతులకు అసలేమీ రాలేదు. జట్టు కూలీలు, గోనె సంచుల వ్యాపారి, తవుడు కొనే నూనె మిల్లు, ధాన్యం తోలే లారీల ఆయన అందరూ దెబ్బతిన్నారు. ఆ లారీలకు అప్పు ఇచ్చింది కూడా మా శాఖే! ఇరవై లక్షలు ఆపానన్న తృప్తి ఆ ఏడాది మార్చి నెలాఖరు లెక్కల దాకా కూడా నిలవలేదు. మరో ఐదు ఖాతాలు చెడ్డవాటిలో చేరాయి.

యజమానిని దండించడం ఒక పని, మిల్లును ఆపడం ఇంకొక పని అని నాకు అప్పటిదాకా తట్టలేదు. యజమానిని గేటు బయట నిలబెట్టి, తాళాలు తీసుకుని, మిల్లును వేరొకరి చేత తిప్పించే దారి ఒక బ్రాంచి మేనేజరుకు ఆనాడు లేదు. అమెరికా ప్రభుత్వం 2009లో చేసింది సరిగ్గా ఆ పనే.

కథ మొదలు మాత్రం అంత పద్ధతిగా లేదు. 2008 నవంబరులో జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్ అధిపతులు సహాయం అడగడానికి వాషింగ్టన్‌కు ఎవరి కంపెనీ విమానంలో వారు వెళ్ళారు. వాయిదా అడగడానికి కొత్త ఇన్నోవాలో దిగే బాకీదారులను నేను చూశాను కాబట్టి అక్కడివాళ్ళకు ఎంత మండి ఉంటుందో ఊహించగలను. డిసెంబరులో రెండోసారి కార్లలో వెళ్ళారు. అయినా సెనేట్‌లో బిల్లు గట్టెక్కలేదు. అప్పుడు, దిగిపోవడానికి నెల రోజుల ముందు అధ్యక్షుడు బుష్, బ్యాంకుల కోసం పక్కన పెట్టిన నిధిలో నుంచే 1,740 కోట్ల డాలర్లు జనరల్ మోటార్స్, క్రైస్లర్‌లకు అప్పుగా ప్రకటించారు. ఒబామా వచ్చాక కంపెనీలు ఇచ్చిన ప్రణాళికలు చాలవని తిప్పి పంపారు. జనరల్ మోటార్స్ అధిపతి రిక్ వాగనర్‌ను తప్పుకోమన్నారు. 2009 ఏప్రిల్ 30న క్రైస్లర్, జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలా కోర్టుకు వెళ్ళాయి. జనరల్ మోటార్స్ చూపించిన ఆస్తులు సుమారు 8,200 కోట్ల డాలర్లు, అప్పులు 17,200 కోట్ల డాలర్లకు పైమాటే.

ఇంత పెద్ద కంపెనీ 40 రోజుల్లో కోర్టు నుంచి బయటికి వచ్చింది. మన సబ్‌కోర్టు వాయిదాలకు అలవాటు పడినవారికి నమ్మశక్యం కాదు గాని, కిటుకు తేలికైనదే. కంపెనీని రెండు చేశారు. నడిచే ఫ్యాక్టరీలు, అమ్ముడుపోయే బ్రాండ్లు ప్రభుత్వ డబ్బుతో పెట్టిన కొత్త కంపెనీ కొనుక్కుంది. మూతపడిన ఫ్యాక్టరీలు, పాత అప్పుల్లో చాలా భాగం పాత కంపెనీలోనే మిగిలాయి. దానికి పేరు కూడా మార్చి, నెమ్మదిగా అమ్మి సర్దేయమన్నారు. అంటే మిల్లు కొత్త సంస్థ చేతికి వచ్చింది, స్థలాల అప్పులు పాతవాడి నెత్తిన ఉండిపోయాయి.

ఇదంతా ప్రైవేటు బ్యాంకులు చేయవచ్చు కదా అంటారు. మామూలు రోజుల్లో అదే జరుగుతుంది. దివాలా కోర్టులో ఉన్న కంపెనీకి జీతాలకు, సరుకుకు అప్పు ఇవ్వడం అమెరికాలో మంచి వ్యాపారం, అందరి కన్నా ముందు వసూలు చేసుకునే హక్కు ఉంటుంది గనక. కాని 2008-09లో బ్యాంకులే ఊపిరి ఆడక కొట్టుకుంటున్నాయి. వేల కోట్ల డాలర్లు తీసి ఇచ్చే స్థితిలో ఎవరూ లేరు. ప్రభుత్వం ఇవ్వకపోతే ఫ్యాక్టరీలు నా మిల్లులాగే ఆగి, ముక్కలుగా అమ్ముడుపోయేవి.

కార్ల వ్యాపారానికి ఇంకొక బలహీనత ఉంది. విమానం టికెట్ కొన్నవాడికి ఆ కంపెనీతో రెండు గంటల బంధం. అది దివాలాలో ఉన్నా జనం ఎక్కుతారు. కారు కొన్నవాడికి పదేళ్ళ బంధం. రేపు బ్రేకు ప్లేట్లు ఎవరిస్తారు, గ్యారంటీ ఎవరిది, తిరిగి అమ్మితే ఎవరు కొంటారు అన్న అనుమానం రాగానే షోరూములు ఖాళీ అవుతాయి. మన దగ్గర దేవూ కంపెనీ మూతపడ్డాక మాటిజ్ కారు ఉన్నవాళ్ళు విడిభాగాల కోసం పడిన పాట్లు గుర్తున్నవారు ఇంకా ఉంటారు. అందుకే 2009 మార్చిలో అమెరికా ప్రభుత్వం ఆ రెండు కంపెనీల కార్ల వారంటీకి తానే పూచీ పడింది. ఒక దేశపు ఖజానా కారు గేరుబాక్సుకు హామీ ఇవ్వడం విచిత్రమే, కాని ఆ హామీ లేకుండా మిగతా డబ్బంతా బూడిదలో పోసినట్టే అయ్యేది.

ఫోర్డ్ సంగతి ఇంకా చిత్రం. ఆ కంపెనీ 2006లోనే ఫ్యాక్టరీల నుంచి నీలం రంగు లోగో దాకా తాకట్టు పెట్టి 2,300 కోట్ల డాలర్లకు పైగా అప్పు తెచ్చుకుంది. అప్పుడు అందరూ నవ్వారు. రెండేళ్ళ తరువాత బ్యాంకుల తలుపులు మూసుకున్నప్పుడు ఆ డబ్బే కాపాడింది. దివాలా తీయలేదు, బుష్ తెరిచిన ఆ బ్యాంకుల నిధి నుంచి సహాయమూ తీసుకోలేదు. మరి దాని అధిపతి అలన్ మలాలీ వాషింగ్టన్‌కు వెళ్ళి పోటీదారులను కాపాడండని ఎందుకు అడిగారు? సీట్లు, అద్దాలు, వైర్లు తయారుచేసే కంపెనీలు ముగ్గురికీ అవే కనుక. జనరల్ మోటార్స్ ఆగితే సీట్లవాడు మునుగుతాడు, సీట్లవాడు మునిగితే ఫోర్డ్ ఆగుతుంది. ఒక్క ఐస్ ఫ్యాక్టరీ ఆగితే మన చెరువు గట్టు మీద పట్టుబడి ఎలా నిలిచిపోతుందో మీ నాన్నగారికి నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఆయన అసలు అభ్యంతరానికి వద్దాం: ఐపీ పెట్టినవాడికే డబ్బు ఇచ్చారా? లేదండీ. జనరల్ మోటార్స్ పాత వాటాదారులకు సున్నా మిగిలింది. సుమారు 2,700 కోట్ల డాలర్ల బాండ్లు కొన్నవారికి కొత్త కంపెనీలో దక్కిన వాటా మొదట 10 శాతం. ప్రభుత్వం 60.8 శాతం తీసుకుంది, కెనడా 11.7 శాతం, కార్మికుల వైద్య ఖర్చుల ట్రస్టు 17.5 శాతం. ఆ ట్రస్టుకు రావలసిన నగదులో చాలా భాగం షేర్ల రూపంలో ముట్టిందన్నమాట. పోంటియాక్, సాటర్న్, హమ్మర్ బ్రాండ్లు పోయాయి.

అన్యాయం జరగలేదని మాత్రం అనను. బాకీ రావలసినవారి వరసలో ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నదే అన్నిటినీ తేల్చింది. క్రైస్లర్ 789 మంది డీలర్లకు మే 14న ఉత్తరం పంపి, జూన్ 9 నుంచి మీతో పని లేదంది. నాలుగు వారాలు కూడా లేవు. విడిభాగాలు చేసే డెల్ఫై కంపెనీలో యూనియన్ ఉన్న కార్మికుల పింఛనుకు లోటు పూడ్చారు. అదే కంపెనీలో యూనియన్ లేని ఉద్యోగుల పింఛను కోతపడింది. అన్నిటికన్నా నన్ను కలచివేసినది 2014లో బయటపడింది. జనరల్ మోటార్స్ పాత కార్లలో ఇగ్నిషన్ స్విచ్ లోపం వల్ల నడుస్తుండగానే ఇంజను ఆగి, గాలిసంచులు తెరుచుకునేవి కావు. 124 మరణాలకు ఆ లోపమే కారణమని పరిహార నిధి తేల్చింది. దివాలాకు ముందు జరిగిన ప్రమాదాలు పాత కంపెనీ బాధ్యత, మాకు సంబంధం లేదని కొత్త కంపెనీ మొదట కోర్టులో వాదించింది. మంచి ఆస్తులను విడదీసే ఆ కిటుకే ఇక్కడ చనిపోయినవారి కుటుంబాల మీద తిరగబడింది.

ప్రభుత్వానికి మిగిలినదెంత? జనరల్ మోటార్స్‌లో పెట్టినది దాదాపు 5,000 కోట్ల డాలర్లు. 2013 డిసెంబరులో ఆఖరి షేరు అమ్మేసరికి తిరిగి వచ్చింది 3,900 కోట్లు. మొత్తం కార్ల పరిశ్రమ మీద పెట్టిన 8,000 కోట్లలో నష్టం 930 కోట్ల దాకా తేలింది. బ్యాంకు మనిషిగా చూస్తే చెడిపోయిన ఖాతా మీద 88 శాతం రికవరీ. నా సర్వీసులో నాకు అంత ఎన్నడూ రాలేదు! నా తీర్పు అడిగితే ఆ పని చేయవలసినదే, షరతులు కూడా మొత్తం మీద గట్టివే.

షరతులు లేకుండా పోస్తే ఏమవుతుందో బ్రిటన్ చూపించింది. బ్రిటిష్ లేలాండ్‌ను 1975లో జాతీయం చేశారు. ఏళ్ళ తరబడి ప్రజల సొమ్ము పోశారు, ముక్కలు చేశారు, చేతులు మార్చారు. మిగిలిన ముక్క ఎంజీ రోవర్ 2005 ఏప్రిల్‌లో కూలిపోయింది, సుమారు 6,000 మంది వీధిన పడ్డారు. ఇక 1980లో క్రైస్లర్‌కు అమెరికా ప్రభుత్వం రొక్కం ఇవ్వలేదు, 150 కోట్ల డాలర్ల అప్పులకు పూచీ మాత్రమే పడింది. 1983కే కంపెనీ తీర్చేసింది. పూచీకి బదులుగా రాయించుకున్న షేరు హక్కులు అమ్మితే ప్రభుత్వానికి 30 కోట్ల డాలర్లకు పైగా లాభం వచ్చింది.

"మనకెవరిచ్చారు?" అన్న మాట మిగిలింది. నిజానికి జనరల్ మోటార్స్ చేయి చాచిన 2008లోనే మన కేంద్ర బడ్జెట్‌లో రైతు రుణమాఫీ ప్రకటించారు, మొదట 60,000 కోట్ల రూపాయలని. రెండు హెక్టార్ల లోపు వారికి గడువు మీరిన బాకీ మొత్తం రద్దు, పైవారికి పాతిక శాతం తగ్గింపు. ఆ జాబితాలు రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. మన డెల్టాలో చేను దున్నేవారిలో ఎక్కువమంది కౌలుదారులు. పాసుపుస్తకం భూమి యజమానిది, అప్పూ ఆయన పేరునే. మాఫీ కూడా ఆయన పేరునే పడింది. బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చి చేను దున్నినవాడి పేరు నా జాబితాలో లేదు. అడగడానికి వచ్చినవారికి ఏం చెప్పానో ఇప్పుడు తలుచుకోవాలని లేదు.

రొయ్యల రైతుకు ఆ పాటి జాబితా కూడా లేదు. మేత డీలరు దగ్గర అరువు, కౌలు చెరువు, కరెంటు బిల్లు, అన్నీ నోటి మాట లెక్కలే. వెయ్యిమంది ఒక్కొక్కరుగా మునిగితే అది వార్త కాదు, ఒక్క కంపెనీ మునిగితే వార్త. 2011లో కోనసీమ రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించి, అందరూ కలిసి చేలు బీడు పెట్టినప్పుడే ప్రభుత్వం వాళ్ళ గోడు వినడానికి మోహన్ కందా కమిటీని వేసింది. ఒక్క ఫ్యాక్టరీ ఆగినట్టు అందరూ ఒకేసారి ఆగారు కాబట్టి. మీ నాన్నగారి ప్రశ్నకు నా దగ్గర ఉన్న నిజాయితీ గల జవాబు ఇంతే. అది న్యాయమని నేననడం లేదు.

మన దేశంలో కార్ల కంపెనీలను కాపాడిన చరిత్ర పెద్దది కాదు. చెప్పుకోదగినది మారుతి. 1971లో మొదలైన తొలి మారుతి కంపెనీ ఆ దశాబ్దం చివరకు మూతపడితే, 1980లో కేంద్రం చట్టం చేసి దాన్ని స్వాధీనం చేసుకుంది. 1982లో సుజుకీ చేయి కలిపింది, 1983 డిసెంబరులో తొలి 800 రోడ్డెక్కింది. 2007 నాటికి ప్రభుత్వం తన వాటా పూర్తిగా అమ్ముకుంది. మన ఆల్విన్ ఉంది కదా, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ, ఫ్రిజ్‌లు, వాచీలు చేసేది. నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న ట్రక్కులు కూడా చేసింది. ఆ ట్రక్కుల విభాగం చివరికి మహీంద్రా చేతికి వెళ్ళింది. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ విషయంలో కేంద్రం ఇంకో దారి చూపింది. భీమవరం చుట్టుపక్కలవారికి ఆ కథ మళ్ళీ చెప్పనక్కరలేదు. ఖజానా నుంచి డబ్బు పోయకుండా, లెక్కల మోసం బయటపడిన రెండు రోజుల్లో బోర్డును మార్చి, ఏప్రిల్‌కల్లా టెక్ మహీంద్రాకు అమ్మించారు. అంబాసిడర్ 2014లో ఆగినప్పుడు, ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించినప్పుడు ప్రభుత్వం డబ్బు సంచితో ఎదురు వెళ్ళలేదు. కాబట్టి మీ చిన్న విద్యుత్ కార్ల కంపెనీ కోసం వెళుతుందని ఆశ పెట్టుకోవద్దు.

ఇక మీ 51 వేలు. 2016 దివాలా చట్టం కింద కంపెనీ లా ట్రిబ్యునల్ పిటిషన్‌ను స్వీకరించిన రోజు నుంచి మారటోరియం వస్తుంది. ఆ తరువాత మీరు దావా వేయడానికి ఉండదు, పాత బాకీ మీ ఒక్కరికే తీర్చడానికి కంపెనీకి ఉండదు. వరస ఇలా ఉంటుంది: దివాలా ప్రక్రియ ఖర్చు, తరువాత కార్మికుల 24 నెలల బకాయిలు, వారితో సమానంగా తాకట్టు ఉన్న బ్యాంకులు, తరువాత మిగతా ఉద్యోగుల 12 నెలల జీతం, తాకట్టు లేకుండా డబ్బు అప్పిచ్చినవారు, అంటే ఆర్థిక రుణదాతలు, ప్రభుత్వ పన్నులు. మీరు వీరందరి తరువాత, వాటాదారులకు కొంచెం ముందు. ఫ్లాట్లు కొన్నవారికి 2018 సవరణతో ఆర్థిక రుణదాత హోదా వచ్చింది, కారుకు అడ్వాన్సు కట్టినవారికి అది లేదు. అందుకని ఆ రోజు రాకముందే కదలాలి. బుకింగ్ రద్దు చేసి డబ్బు తిరిగి ఇమ్మని ఈ వారమే రాతపూర్వకంగా, రిజిస్టరు పోస్టులో పంపండి, మెయిల్ కూడా పెట్టండి. క్రెడిట్ కార్డు మీద కట్టి ఉంటే కార్డు ఇచ్చిన బ్యాంకుకు సరుకు అందలేదని ఫిర్యాదు ఇవ్వండి. కారు లోను మంజూరై ఉంటే, బండి మీ కళ్ళ ముందు కనబడి ఛాసిస్ నంబరు చూసుకునేదాకా చెక్కు విడుదల చేయవద్దని మీ బ్యాంకుకు కాగితం మీద రాసివ్వండి. డబ్బు మొత్తం కట్టి కారు లేక, వాయిదాలు మాత్రం కడుతున్నవారి గోడు నేను విన్నాను. ఇంతలో పిటిషన్ స్వీకరించారని ప్రకటన వస్తే, అందులో ఇచ్చిన గడువులోగా దివాలా ప్రక్రియ నడపడానికి నియమించిన రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు రసీదు జతచేసి క్లెయిము పంపండి. చేతికి ఎంత వస్తుందన్నది వేరే సంగతి, జాబితాలో పేరు లేకపోతే అదీ రాదు.

ఒక్కటి మీరు చెప్పలేదు. ఆ రసీదు కంపెనీ పేరున ఉందా, రాజమండ్రి షోరూము పేరున ఉందా? షోరూము వేరే సంస్థ అయి, డబ్బు దాని ఖాతాలోనే ఉంటే కంపెనీ దివాలాతో దానికి సంబంధం లేదు, షోరూము మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. రసీదు తీసి చూసి రాయండి. ఉత్తరంలో ఏమి పెట్టాలో అప్పుడు చెబుతాను.